దొరకని పాలపన్ను

పన్ను కోసం నలుగురు వెతుకుతున్నారు. వరండా గచ్చు మీద వంగి ఒకరు, మెట్ల కింద ఒకరు, గడప పక్కన చెప్పులు తిరగేస్తూ ఇంకొకరు. లైటు వెలుగుతూనే ఉన్నా సెల్‌ఫోన్ల టార్చిలు కూడా వేశారు. పక్క వాటాలో ఉండే ఇంజనీరింగ్ కుర్రాడు గ్లాసులో పచ్చిపాలు పోసుకొచ్చి అరుగు మీద పెట్టాడు.

"ఊడిన పన్ను పాలల్లో వేస్తే పాడవదంటక్కా. దొరికితే చాలు, డాక్టరు మళ్లీ పెట్టేస్తారు."

గచ్చు మీద నెత్తురు చుక్కలు దొరికాయి. బాబు చేతిలోంచి జారిన స్టీలు గ్లాసు దొరికింది. పన్ను దొరకలేదు.

ఇది తెనాలిలో ఒక అద్దె ఇల్లు. పాలపళ్లకు దెబ్బ తగిలిన పిల్లల ఇళ్లలో ఏమేం జరుగుతాయో అవన్నీ ఒకే ఇంటి కథగా కూర్చి చెబుతున్నాను. అందుకే ఇందులో ఎవరికీ పేర్లు లేవు. అమ్మ, నాన్న, నానమ్మ, బాబు. బాబుకి రెండేళ్లు నిండి మూడు నెలలు.

దీపాలు పెట్టే వేళ. అమ్మ మేడ మీద ఆరిన బట్టలు తీస్తోంది. బాబు నీళ్ల గ్లాసు పెదవులకు ఆనించుకునే వంటింట్లోంచి వరండాలోకి పరిగెత్తాడు. గడప కాలికి తగిలింది. బోర్లా పడ్డాడు. గ్లాసు అంచు అప్పటికీ నోట్లోనే ఉంది.

మేడ మీదికి ముందు గ్లాసు చప్పుడు వినిపించింది. కాసేపటికిగానీ ఏడుపు వినిపించలేదు. మెట్లు ఎలా దిగిందో ఆమెకు గుర్తు లేదు. కింద నానమ్మ బాబును ఒళ్లో వేసుకుని కూర్చుని ఉంది. చొక్కా ముందు భాగమంతా ఎర్రగా తడిసిపోయింది. పై పెదవి వాచి ముక్కు దాకా లేచింది. అమ్మ రెండు వేళ్లతో పెదవి ఎత్తి చూసింది. పైన ముందరి పళ్లు రెండింటిలో కుడివైపుది లేదు. ఎడమవైపుది ఉంది గానీ నాలుక తగిలినా కదులుతోంది.

నానమ్మ పసుపు డబ్బా కోసం చెయ్యి చాచింది. "వద్దత్తయ్యా, నోట్లో పసుపొద్దు," అని అమ్మ ఉతికిన మెత్తటి గుడ్డ తడిపి, మడిచి, పెదవి కింద పెట్టి అదిమి పట్టుకుంది. ఆ పూట ఆ ఇంట్లో జరిగిన మంచి పని అదే. పై పెదవిని లోపల చిగురుకు కలిపి ఉంచే సన్నటి పొర ఒకటి ఉంటుంది. నోటి మీద దెబ్బ తగిలిన చిన్నపిల్లల్లో అది తెగడం మామూలు. తెగినప్పుడు కారే నెత్తురు చూస్తే ఎవరికైనా గుండె జారిపోతుంది. కానీ పది నిమిషాలు వదలకుండా అదిమితే చాలావరకు ఆగుతుంది. చాలామందిలో కుట్లు కూడా అక్కర్లేకుండా దానంతటదే మానుతుంది. ఆ పది నిమిషాల్లో మధ్యమధ్య గుడ్డ తీసి "ఆగిందా లేదా" అని చూడకుండా ఉండడమే కష్టం. ఆమె తియ్యలేదు. బాబు గింజుకున్నాడు, ఆమె చేతిని కొరకబోయి నొప్పితో మళ్లీ ఏడ్చాడు. గుడ్డలో చుట్టిన ఐసు ముక్కను నానమ్మ పెదవి మీద బయటినుంచి ఆనించింది.

నాన్న ఆర్టీసీలో కండక్టరు. డ్యూటీలో ఉన్నాడు. ఫోన్లో విషయం చెప్పగానే అతను అడిగిన మొదటి మాట: "నువ్వెక్కడున్నావ్ అప్పుడు?"

ఏ ఇంట్లో పిల్లాడు పడ్డా ఈ ప్రశ్న పుడుతుంది. అడిగినవాళ్లకు మర్నాటికి గుర్తుండదు, అడిగించుకున్న తల్లి మాత్రం మరవదు. పాలపళ్లకు దెబ్బలు ఎక్కువగా తగిలేది రెండు మూడేళ్ల వయసులోనే. ఆ వయసు పిల్లలకు పరుగు వస్తుంది గానీ ఆగడం సరిగా రాదు. పడేటప్పుడు చేతులు అడ్డం పెట్టుకోవడం ఇంకా అలవాటు కాదు. అందుకే దెబ్బంతా మొహం మీద, అందులోనూ పైన ముందరి రెండు పళ్ల మీద పడుతుంది. పక్కనే కూర్చుని కళ్లప్పగించి చూస్తున్న తల్లుల పిల్లలు కూడా ఇలాగే పడతారు. ఆ ప్రశ్నకు బదులు "ఇప్పుడెలా ఉన్నాడు?" అని అడిగి ఉంటే అమ్మకు ఆ రాత్రి కొంత తేలికగా గడిచేది.

ఊళ్లోని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన పళ్ల కంటే ముందు తల సంగతి అడిగాడు. స్పృహ తప్పాడా? వాంతి చేసుకున్నాడా? మత్తుగా, తేడాగా ఉన్నాడా? ఏవీ లేవు. టీకాల కార్డు చూసి, ఏడాదిన్నరకు వేయించాల్సిన బూస్టరు పడిందని తేల్చుకున్నాడు. ధనుర్వాతానికి వేరే ఇంజెక్షను అక్కర్లేదన్నాడు. తర్వాత అడిగాడు, "పన్ను దొరికిందా?"

"లేదండీ. అంతా వెతికాం."

"మింగేసి ఉంటే భయం లేదమ్మా, విరేచనంలో పోతుంది. ఊపిరిగొట్టంలోకి పోయిందా అన్నదే చూడాలి." స్టెత్ పెట్టి వీపు మీద, ఛాతీ మీద చాలాసేపు విన్నాడు. "గాలి రెండువైపులా బాగానే ఆడుతోంది. రాత్రి దగ్గు తెరలు వచ్చినా, ఊపిరి ఎగపోస్తున్నా, పిల్లికూతలు వినిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. రేపు పళ్ల డాక్టరుకు చూపించండి. అక్కడా సంగతి తేలకపోతే ఛాతీ ఎక్స్‌రే తీయిద్దాం."

ఆ రాత్రి బాబు నిద్రపోయాడు గానీ అమ్మ పోలేదు. లైటు తియ్యకుండా వాడి ఛాతీ కదలికే చూస్తూ కూర్చుంది. తెల్లారాక వాడి విరేచనం పుల్లతో కలిపి చూసింది. అందులోనూ పన్ను లేదు.

మర్నాడు ఊళ్లోనే ఒక పళ్ల ఆసుపత్రి. బాబు కుర్చీ చూడగానే గుక్కపట్టాడు. అక్కడి డాక్టరు లైటు వేసి రెప్పపాటు చూసి, "ఒకటి పోయింది, రెండోది వదులైంది. అది కూడా తీసేద్దాం. పాలపళ్లేగా, ఎలాగూ ఊడేవే," అన్నాడు. నాన్నకు సబబుగానే తోచింది. అమ్మ మాత్రం "రేపు చెబుతామండీ" అని బాబును ఎత్తుకుని బయటికి వచ్చేసింది. ఎందుకంటే పొద్దున్నే పెదవి తుడుస్తున్నప్పుడు, పన్ను లేని చోట వాచిన చిగురు మీద ఆమె వేలు ఆనింది. లోపల ఏదో గట్టిగా తగిలింది. అది ఎముకేమో అనుకుంది. కానీ ఎడమవైపు అలా లేదు.

గుంటూరులో పిల్లల పళ్లకే వేరుగా చదివిన డాక్టరమ్మ ఉందని పక్క వాటా వాళ్లు చెప్పారు. తెనాలి నుంచి ప్యాసింజరు ఎక్కారు. నానమ్మ కూడా వస్తానంది.

డాక్టరమ్మ బాబును కుర్చీ ఎక్కించలేదు. ఒక స్టూలు లాక్కుని అమ్మకు ఎదురుగా, మోకాళ్లకు మోకాళ్లు తగిలేలా కూర్చుంది. "బాబును మీ వైపు మొహం పెట్టి ఒళ్లో కూర్చోబెట్టుకోండి. కాళ్లు మీ నడుముకు అటూ ఇటూ. ఇప్పుడు మెల్లగా వెనక్కి వాల్చండి." బాబు తల డాక్టరమ్మ ఒళ్లోకి వచ్చింది, కాళ్లూ చేతులూ అమ్మ దగ్గరే ఉన్నాయి. వాడికి పైన అమ్మ మొహం కనిపిస్తోంది. ఏడ్చాడు. ఏడుస్తుంటే నోరు బాగా తెరుచుకుంది. "ఏడవనివ్వండి, నాకదే కావాలి," అంది డాక్టరమ్మ. పెదవి ఎత్తి, చిగురు మీద వేలితో తడిమింది. గోరంత ఫిల్ము నోట్లో పెట్టి, సీసపు ఆప్రాన్ తొడుక్కున్న అమ్మ ఒళ్లోనే ఎక్స్‌రే తీయించింది.

తెర మీద బొమ్మ పడింది. ఆమె పెన్నుతో చూపించింది.

"పన్ను ఎక్కడికీ పోలేదమ్మా. ఇదిగో."

ఎవరూ మాట్లాడలేదు. కుడివైపు పన్ను ఎముకలో, ఉండాల్సిన చోటికి బాగా పైన, చిగురు చాటున మొత్తంగా ఉంది. గ్లాసు అంచు కొట్టిన దెబ్బకు పైకి దిగబడిపోయింది.

"చిన్నపిల్లల దవడ ఎముక ఇంకా మెత్తగా, సాగేట్టు ఉంటుంది. పెద్దవాళ్లకు ఇదే దెబ్బ తగిలితే పన్ను విరుగుతుంది. వీళ్లకు తడిమట్టిలో గుంజ దిగినట్టు దిగబడుతుంది. విరగడం కంటే ఇలా కదలడం, పక్కకు ఒరగడం, లోపలికి పోవడమే పాలపళ్లలో ఎక్కువ."

"మరి దాన్ని బయటికి లాగుతారా?" నాన్న అడిగాడు.

"లాగకూడదు. దానంతటదే దిగుతుంది. చాలావరకు ఆరు నెలల్లోపు వచ్చేస్తుంది, కొందరికి ఏడాది కూడా పట్టొచ్చు."

"రెండోది వదులుగా ఉందిగా?"

"అది కదులుతోంది గానీ జరగలేదు. రెండు వారాల్లో గట్టిపడుతుంది. దాన్నీ ముట్టుకోం."

"తీసేయమన్నారండీ అక్కడ."

డాక్టరమ్మ ఆ మాట పట్టుకుని ఎవరినీ తప్పుపట్టలేదు. పెన్ను మళ్లీ ఎక్స్‌రే మీద పెట్టింది. పాలపన్ను వేరుకు పైన, కొంచెం వెనగ్గా ఒక తెల్లటి నీడ. అది వాడికి ఏడేళ్ల వయసులో రాబోయే శాశ్వత పన్ను మొగ్గ. పుట్టిన మూడు నాలుగు నెలలకే అది గట్టిపడడం మొదలవుతుంది. పైకి కనిపించే భాగమంతా తయారయ్యేసరికి నాలుగైదేళ్లు పడుతుంది. అంటే బాబు పడిన సాయంత్రం ఆ పన్ను ఇంకా సగంలో ఉంది. "నా భయం ఈ పన్ను గురించి కాదమ్మా, దాని వెనకున్న దాని గురించి. అందుకే ఆ చోట అవసరం లేకుండా చెయ్యి పెట్టను." ఎక్స్‌రేలో దిగబడిన పన్ను, పక్కదాని కంటే పొట్టిగా కనిపిస్తోంది. వేరు కొన పెదవి వైపుకు పోయిందని దాని అర్థం. మొగ్గ వైపు పోయి ఉంటే పన్ను పొడుగ్గా కనిపించేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పళ్ల గాయాల మీద ప్రత్యేకంగా పనిచేసిన వైద్యులు ఉన్నారు. కోపెన్‌హాగన్‌లో యెన్స్ ఆండ్రియాసెన్ తన వృత్తి జీవితమంతా దానికే పెట్టాడు. ఈ విషయంలో వైద్యులు చూసుకునే సూచనలను అంతర్జాతీయ దంత గాయాల సంఘం 2020లో సవరించింది. అంతకుముందు, దిగబడిన పాలపన్ను మొగ్గ వైపు పోయినట్టుంటే తీసేయమనేవారు. సవరించిన సూచనలు ఏ వైపు పోయినా ముందు దానంతటది దిగనివ్వమన్నాయి. పాత పద్ధతి చదువుకున్న డాక్టరు ఇలాంటి పన్ను పీకేద్దామన్నాడంటే, పిల్లాడి మీద శ్రద్ధ లేక అనుకోనక్కర్లేదు. కానీ తల్లిదండ్రులు ఇంకొకరిని అడగడం తప్పు కాదు. ఆ ఒక్కరోజు గడువు అడిగిన ఈ తల్లి ధైర్యం నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

నాన్నకు పాల గ్లాసు గుర్తొచ్చింది. "పన్ను నిజంగానే ఊడి దొరికి ఉంటే, పాలల్లో వేసి తెస్తే పెట్టేవారా అండీ?"

"పాలపన్నైతే పెట్టను. ఊడిన పాలపన్నును మళ్లీ గుచ్చితే లోపలి మొగ్గకు దెబ్బ. దొరికితే వెంట తెమ్మంటాను, ముక్క లోపల మిగల్లేదని, ఊపిరితిత్తుల్లోకి పోలేదని తెలుస్తుందని. మీరన్నది శాశ్వత పన్ను సంగతి. ఏడెనిమిదేళ్ల పిల్లాడికి అది ఊడితే మాత్రం ఒక్క నిమిషం కూడా వృథా చెయ్యకూడదు. వేరు ముట్టుకోకుండా తెల్లటి భాగం పట్టుకుని, మట్టి ఉంటే పాలతో గానీ సెలైన్‌తో గానీ కాస్త కడిగి, అక్కడికక్కడే ఆ గుంటలో పెట్టి, గుడ్డ కొరికించి తీసుకురావాలి. పెట్టడం చేతకాకపోతే పాలల్లో వేసి పరుగెత్తుకు రావాలి."

తర్వాత ఆమె కాగితం తీసింది. "దెబ్బ ఎలా తగిలింది? గడప తగిలిందా, గ్లాసా? వాడు ఎటు మొహం పెట్టి పడ్డాడు?"

అమ్మ చెప్పబోతుంటే నానమ్మ నోరు విప్పింది. దెబ్బ తగిలినప్పటి నుంచి ఆమె ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

"గ్లాసు నేనిచ్చానమ్మా. దాహమంటే నిండుగా పోసి చేతికిచ్చాను. కూర్చోబెట్టి తాగించాల్సింది. కోడలు మేడ మీదుంది, దానికేం తెలీదు. వాడు పరిగెత్తుతుంటే చూసి కూడా నవ్వుతూ నుంచున్నాను."

నాన్న తల వంచుకున్నాడు. అమ్మ అత్తగారి మోచేయి పట్టుకుంది. డాక్టరమ్మ రాస్తూనే అంది: "నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది ఎవరో ఒకరు పక్కనుండగానే పడ్డవాళ్లు పెద్దమ్మగారూ. గ్లాసని చెప్పారు కదా, దెబ్బ కింద నుంచి పైకి వచ్చిందని నాకు అర్థమైంది. ఎక్స్‌రేతో సరిపోయింది. మీరు చెప్పింది పనికొచ్చింది."

మందులేం రాస్తుందోనని ఎదురుచూశారు. నొప్పికి బరువును బట్టి పారాసిటమాల్ సిరప్, అదీ అవసరమైతేనే. క్లోర్‌హెక్సిడిన్ మందునీళ్లు దూదిపుల్లకు తడిపి, వారం పాటు రోజుకు రెండుసార్లు చిగురు మీద రాయాలి, పుక్కిలించే వయసు కాదు కాబట్టి. బ్రష్ మానకూడదు, మెత్తటిది వాడాలి. లవంగ నూనె రాయొద్దు, చిగురు మండుతుంది. యాంటీబయాటిక్ రాయలేదు. పన్ను దిగబడినంత మాత్రాన అది అక్కర్లేదంది. తిరుగు ప్రయాణంలో నానమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు తిప్పి చూసింది. "ఇంత దెబ్బకు ఒక్క మాత్రా రాయదేంటి?"

ఆ వారం ఆ ఇంటికి చాలా పెద్దదైంది.

తిండి దగ్గర మొదలైంది. బాబుకు ఇష్టమైనవన్నీ కొరికి తినేవే: జంతికలు, చెగోడీలు, జామకాయ ముక్కలు. పది రోజులు అవి కంటికి కనబడకుండా డబ్బాలు అటక మీదికి ఎక్కించారు. రాగిజావ, పెరుగన్నం, పాలల్లో నానిన ఇడ్లీ. చెంచా పై పెదవికి తగిలితే చాలు, మొహం తిప్పేసేవాడు. నానమ్మే ఉపాయం కనిపెట్టింది: ముద్ద చిన్నగా చేసి, నోటి పక్కనుంచి, చెంప లోపలికి పెట్టేది. నీళ్లు తాగించడం కూడా ఆమే తీసుకుంది. చాప మీద కూర్చోబెట్టి, గ్లాసు తన చేత్తోనే పట్టుకుని తాగించేది.

పళ్లు తోమడం అంతకంటే కష్టం. దెబ్బ తగిలిన చోట తోమితే నొప్పి, తోమకపోతే పాచి పట్టి చిగురు ఉబ్బి పుండు మానదు. అమ్మ ఆసుపత్రిలో నేర్చుకున్న పద్ధతినే ఇంట్లో వాడింది. తాను మంచం మీద, ఎదురుగా నాన్న కుర్చీలో, బాబు తల ఆమె ఒళ్లో, కాళ్లు నాన్న నడుముకు అటూ ఇటూ. మొదటి రెండు రోజులు వాడు అరిచిన అరుపుకు పక్క వాటావాళ్లు వచ్చి చూశారు. ఆమె వాడికి ఒక కథ చెప్పడం మొదలుపెట్టింది. నీ పన్ను చిగురు లోపల దాక్కుంది, దొంగా పోలీసు ఆట ఆడుతోంది, రోజూ తలుపు శుభ్రం చేస్తేనే బయటికొస్తుంది అని. నాలుగో రోజు వాడే నోరు తెరిచి "పన్నూ, లా!" అని పిలిచాడు.

పిల్లలు ఇలాంటివాటికి పెద్దవాళ్ల కంటే తొందరగా అలవాటు పడతారు. రెండో వారానికి వాడికి అద్దంలో తన సందు తమాషా అయింది. అలవాటు పడలేనిది అమ్మ. వాడి చిన్నప్పటి ఫొటోలు తీసి చూసుకునేది. నిద్రపోతున్నవాడి పెదవి ఎత్తి చూసేది, వాడు లేచి ఏడిస్తే తనను తాను తిట్టుకునేది. వీధిలో పలకరించినవాళ్లు ముందు పిల్లాడి నోటి వంక, తర్వాత ఆమె వంక చూసేవారు. నాన్న ఒకరాత్రి డ్యూటీ దిగి వచ్చి, చొక్కా విప్పకుండానే మంచం చివర కూర్చుని, "ఆ రోజు ఫోన్లో అలా అడగకుండా ఉండాల్సింది," అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. కంచం పెట్టింది. తర్వాత గుంటూరు వెళ్లాల్సిన ప్రతిసారీ అతను సెలవు పెట్టి వాళ్లతో వెళ్లాడు.

వారం తర్వాత ఒకసారి చూపించారు. చిగురు శుభ్రంగా ఉంది. డాక్టరమ్మ మళ్లీ ఆరేడు వారాలకు రమ్మంది. ఆలోపే, ఒక ఆదివారం పొద్దున తోముతుంటే, చిగురు అంచున సన్నటి తెల్లగీత కనిపించింది అమ్మకు. బియ్యపు నూక అనుకుని తుడిచింది. పోలేదు. "అత్తయ్యా!" అని కేక పెట్టింది. నానమ్మ కళ్లజోడు వెతుక్కుంటూ వచ్చి చూసి, వాకిట్లోకి వెళ్లి తులసి కోట దగ్గర నుంచుంది. నాలుగు నెలలు గడిచేసరికి ఆ పన్ను పక్కదానికి దాదాపు సమానంగా దిగింది.

అందరూ ఊపిరి పీల్చుకునేలోపు రెండోది రంగు మారింది. వదులై మళ్లీ గట్టిపడ్డ ఎడమ పన్ను ముందు గులాబీ ఛాయకు, తర్వాత బూడిదరంగుకు తిరిగింది. "చచ్చిపోయిన పన్ను, లోపలంతా చీము పడుతుంది, తీయించెయ్" అని చెప్పినవాళ్లు చాలామంది. గుంటూరు డాక్టరమ్మ మళ్లీ వేచి చూద్దామంది. దెబ్బకు లోపలి నరంలో నెత్తురు చిమ్మితే ఆ మరక బయటికి ఇలా కనిపిస్తుంది. కొందరిలో ఆ నలుపు నెలల మీద తగ్గుతుంది, కొందరిలో అలాగే ఉండి ఏ బాధా పెట్టకుండా ఊడే వయసు దాకా నిలుస్తుంది. కొన్ని పళ్లు పసుపు ఛాయకు తిరుగుతాయి. అది లోపలి గొట్టం పూడుకుపోతోందని చెప్పే గుర్తు, దానికీ వైద్యం అక్కర్లేదు. రంగు ఒక్కటే చూసి పన్ను తియ్యకూడదు. చూడాల్సినవి వేరే: చిగురు మీద పొక్కు, వాపు, గట్టిపడ్డ పన్ను మళ్లీ వదులవడం, నొప్పితో రాత్రిళ్లు లేవడం. "ఇందులో ఏదొచ్చినా ఫోన్ చెయ్యండి. ఏదీ రాకపోతే ఆరు నెలలకు రండి."

ఇలా కాచుకుని చూడడం పని చేసినట్టు అనిపించదు. మందు వేస్తే ఏదో చేశామన్న తృప్తి ఉంటుంది. రోజూ తోమేటప్పుడు ఒకసారి పెదవి ఎత్తి చూసి, మార్పేమీ లేదని వదిలేయడానికి ఎక్కువ ఓర్పు కావాలి. ఆమె అది నెలల తరబడి చేసింది. అలా చూస్తూ ఉండబట్టే, దెబ్బ తగిలి ఏడాది దాటాక ఎడమ పన్ను పైన చిగురు మీద మినపగింజంత పొక్కు లేచిన రోజే కనిపెట్టింది. బాబుకు నొప్పి లేదు. జ్వరం లేదు. తనంతట తానుగా వాడు ఆ విషయం ఎప్పటికీ చెప్పి ఉండేవాడు కాదు.

ఎక్స్‌రేలో ఆ పన్ను వేరు చాలావరకు కరిగిపోయి ఉంది. కాస్త ముందే అయితే పాలపంటికి చేసే రూట్ కెనాల్ గురించి ఆలోచించేదాన్నని, వేరు లేని పంటికి అది నిలవదని, చీము మొగ్గ దాకా పోకముందే తీసెయ్యాలని డాక్టరమ్మ చెప్పింది. ఈసారి అమ్మ వెంటనే సరేనంది. మొదట్లో పీకుతామంటే వద్దన్న మనిషి, ఇప్పుడు ఒప్పుకోగలగడానికి కారణం ఉంది. అప్పుడు ఎవరూ ఎందుకో చెప్పలేదు. ఇప్పుడు ఆమెకు ఎక్స్‌రే చదవడం కొంత వచ్చు.

ముందు చిగురుకు మొద్దుబారే జెల్లు రాసి, తర్వాత మత్తు సూది వేశారు. బాబు అమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చాడు, పని అయిపోయాక ఇంకా ఏడ్చాడు, ఐస్‌క్రీమ్ అనగానే ఆపాడు. పన్నును కాగితంలో చుట్టి ఇమ్మని నానమ్మ అడిగి తీసుకుంది. ఇంటికొచ్చాక పేడముద్దలో పెట్టి డాబా మీదికి విసిరించింది, మామూలుగా ఆరేడేళ్లకు జరగాల్సిన వేడుక అది. ముందే జరిగిందని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది గానీ చెయ్యాల్సినట్టే చేసింది.

నర్సరీలో చేర్చినప్పుడు "తొర్రోడా" అన్నారు ఒకరిద్దరు. "స" పలికేటప్పుడు కొన్నాళ్లు గాలి పోయింది, తర్వాత సర్దుకుంది. ముందరి పాలపన్ను పోతే తిండికీ, మిగతా పళ్ల వరసకూ పెద్ద నష్టం లేదని డాక్టరమ్మ చెప్పడంతో కట్టుడు పన్ను జోలికి పోలేదు. ఎల్‌కేజీకి వచ్చేసరికి పిల్లలే ఆ సంగతి మరిచిపోయారు.

ఆరేళ్లు నిండగానే, ఎవరూ గుర్తు చెయ్యకుండానే, అమ్మ వాణ్ణి గుంటూరు తీసుకెళ్లింది. పన్ను దిగబడిన పిల్లలను ఆ వయసులో మళ్లీ చూడాలని డాక్టరమ్మ మొదటి రోజే కాగితం మీద రాసింది. రెండు శాశ్వత పళ్లూ దారిలో ఉన్నాయి, వేర్లు వంకరపోలేదు. ఏడేళ్లు దాటాక, తోటి పిల్లలకంటే కొన్ని నెలలు ఆలస్యంగా, అవి చిగురు చీల్చుకుని వచ్చాయి. ఎడమది తెల్లగా, నిండుగా వచ్చింది. కుడిది, ఒకప్పుడు ఎముకలోకి దిగబడిన పన్ను చోట వచ్చినది, మధ్యలో పెసరగింజంత పసుపు మచ్చతో వచ్చింది.

అమ్మ ఆ మచ్చ చూసి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు ముగ్గురూ డాక్టరమ్మ ముందున్నారు. బాబు ఇప్పుడు కుర్చీ తానే ఎక్కుతాడు.

"దెబ్బ తగిలిన నాటికి ఈ పన్ను మీద ఎనామిల్ కడుతోంది. ఆ కాస్త చోట పని చెడింది. ఇది కొత్తగా వచ్చిన జబ్బు కాదు, పెరిగేది కాదు. అప్పుడు మీరు చేసినదాని వల్ల గానీ, చెయ్యనిదాని వల్ల గానీ రాలేదు." సన్నటి పరికరంతో మచ్చ మీద మెల్లగా తడిమింది. గట్టిగానే ఉంది, గుంట పడలేదు. ఫ్లోరైడ్ వార్నిష్ రాసింది. ఆ చోట ఎనామిల్ కాస్త బలహీనం కాబట్టి పుచ్చు తొందరగా పట్టవచ్చని, రాత్రి పడుకునే ముందు తోమడం ఒక్కరోజు కూడా తప్పొద్దని బాబుకే చెప్పింది.

"రంగు కనబడకుండా చెయ్యలేరా?" నాన్న అడిగాడు.

"చెయ్యొచ్చు. పంటి రంగు ఫిల్లింగుతో కప్పేయొచ్చు. పన్ను పూర్తిగా దిగాక చేస్తే బాగుంటుంది. అప్పుడు కూడా వాడికి ఇబ్బందిగా ఉందంటేనే చేద్దాం."

అందరూ బాబు వైపు చూశారు. వాడు చేతిలో అద్దం పట్టుకుని పన్నును అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"మచ్చుంటే పన్ను ఊడిపోద్దా?"

"ఊడదు."

"మరైతే జంతికలు తినొచ్చా?"

"తిను. తిన్నాక నోరు పుక్కిలించు."

వేసవి సెలవుల్లో ఎక్స్‌రే తీద్దామని, ఫిల్లింగు సంగతి అప్పుడు మాట్లాడదామని డాక్టరమ్మ ఫైలు మీద తేదీ వేసింది.